స్కాన్‌లో కనపడని గాయానికి లెక్క కట్టే పెద్దలకు ఒక బహిరంగ లేఖ

వైకల్య ధ్రువపత్రాలు రాసే డాక్టర్లకు, క్లెయిములు తేల్చే బీమా అధికారులకు, రెండు పక్షాల న్యాయవాదులకు, తీర్పు చెప్పే న్యాయమూర్తులకు,

నమస్కారం.

మా తమ్ముడు ఎలక్ట్రీషియన్. ముప్పై ఒకటో ఏట, పనిచేస్తున్న చోట పరంజా మీద నుంచి పడ్డాడు. అంచున ఉండాల్సిన రెయిలింగును ముందురోజు సామాన్లు ఎక్కించడానికి విప్పారు, తిరిగి బిగించలేదు. విప్పినవాళ్లు ఆ మాట ఒప్పుకున్నారు కూడా. కాబట్టి తప్పెవరిదన్నది మా కేసులో తగాదా కాదు. జరిగిన నష్టమెంత అన్న దగ్గరే రెండేళ్లుగా బండి కదలడం లేదు. దాని గురించి సంబంధిత కార్యాలయాలకు మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి బదులు లేదు. రెండోదానికి "పరిశీలనలో ఉంది" అని ఒక వాక్యం వచ్చింది. మూడోది అందినట్టు రసీదు మాత్రం నా దగ్గరుంది. ఇది నాలుగోది. ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు గనుక, మీ అందరికీ కలిపి, పదిమందీ చదివేలా రాస్తున్నాను.

ముందు కాగితాల్లో ఏముందో చెబుతాను. ఆస్పత్రికి తెచ్చినప్పుడు వాడి గ్లాస్గో కోమా స్కోరు, అంటే స్పృహ ఎంతుందో చెప్పే మార్కు, 15కి 13. సీటీ స్కాన్‌లో పుర్రె పగల్లేదు, చెప్పుకోదగ్గ రక్తస్రావం లేదు. నాలుగో రోజున ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితం మీద "తలకు స్వల్ప గాయం" అని ఉంది. ఆ తర్వాత వైకల్యం నిర్ణయించిన డాక్టరు చేతులెత్తమన్నారు, తన వేళ్లు పట్టుకుని గట్టిగా నొక్కమన్నారు, నాలుగడుగులు నడిపించారు, పేరూ వయసూ అడిగారు. వాడు అన్నీ సరిగ్గానే చేశాడు, సరిగ్గానే చెప్పాడు. శాతం అన్న గడిలో పది వేశారు. బీమా వాళ్లు ఆ పదిని పట్టుకుని, జీతంలో పదో వంతు చొప్పున లెక్కగట్టి పంపారు.

ఇప్పుడు ఇంట్లో ఏముందో చెబుతాను. మూడు నెలల కింద గదిలో ఫ్యాను ఆగిపోతే తనే చూస్తానన్నాడు. పాత ఉత్సాహం చూసి నాకూ ముచ్చటేసింది. స్టూలు వేసుకున్నాడు, టెస్టరు జేబులో పెట్టుకున్నాడు, పైకెక్కి ఫ్యాను కప్పు వదులు చేశాడు. మెయిను ఆపావా అని అడిగాను. ఆపానన్నాడు. అనుమానమొచ్చి వెళ్లి చూస్తే ఆన్‌లోనే ఉంది. నేనే ఆపి, వచ్చి, ఆపానని చెప్పాను. సరేనన్నాడు. స్క్రూ కింద పడితే దిగాడు. స్క్రూ వెతుకుతూ వరండాలోకి వెళ్లి, మెయిను బోర్డు చూసి, "ఇదెవరు ఆపేశారు?" అని ఆన్ చేసి వచ్చి మళ్లీ స్టూలెక్కాడు. నేను అక్కడే నిలబడి ఉండకపోతే ఏమయ్యేదో మీకు వివరంగా చెప్పక్కర్లేదు.

వాడి చేతిలో పట్టు ఉంది. ఏ వైరు ఎక్కడికి పోతుందో అడిగితే ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాడు. పోయిందల్లా వరస. ఏది ముందు, ఏది తర్వాత, ఇప్పటిదాకా ఏం చేశాను అన్నది నిలవదు. ఆ వరస లేని ఎలక్ట్రీషియన్‌ను ఏ మేస్త్రీ పనికి పిలుస్తాడు? పిలవకూడదు కూడా, పక్కనున్నవాళ్ల ప్రాణాలు ముఖ్యం. కాబట్టి వాడి సంపాదనలో పోయింది పదో వంతు కాదు, మొత్తం.

ఆ గ్లాస్గో స్కోరు మీద నాకు గౌరవమే. 1974లో గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ దాన్ని తయారుచేశారు. కళ్లు తెరవడం, మాట్లాడటం, కదలడం, ఈ మూడింటికీ కలిపి 3 నుంచి 15 దాకా మార్కులు. 13 నుంచి 15 దాకా స్వల్పం, 9 నుంచి 12 మధ్యస్థం, 8కి దిగితే తీవ్రం. రోగికి ఈ గంటలో స్పృహ ఎలా ఉంది, కిందటి గంటకంటే తగ్గుతోందా అన్నది నర్సూ డాక్టరూ ఒకే భాషలో చెప్పుకోవడానికి పుట్టిన కొలత అది. ఏడాది తర్వాత ఆ మనిషి పనిచేసుకుని బతకగలడా అన్నది చెప్పడానికి పుట్టింది కాదు. అందుకు వేరే కొలత కావాలనే జెన్నెట్, మైకేల్ బాండ్‌తో కలిసి 1975లో గ్లాస్గో ఔట్‌కమ్ స్కేల్ ఇచ్చారు. మొదటి రోజు మార్కునే జీవితకాలపు నష్టానికి కొలతగా వాడుతున్నవారు, దాన్ని తయారుచేసినవారే ఆ పని చేయలేదన్న సంగతి గమనించాలని కోరుతున్నాను.

సీటీ స్కాన్ సంగతీ అంతే. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో మొదటిసారి ఒక రోగి తలకు తీసిన నాటి నుంచీ అది ఎందరినో బతికించింది. రక్తం గడ్డకట్టిందా, ఎముక విరిగిందా, వెంటనే ఆపరేషన్ చేయాలా అన్నది నిమిషాల్లో చెబుతుంది. కానీ తల ఒక్కసారిగా విసురుగా తిరిగినా, దేనికో కొట్టుకుని ఆగినా, మెదడు లోపలి భాగాలన్నీ ఒకే వేగంతో కదలవు. మధ్యలో ఉన్న సన్నని నరాల తంతువులు సాగి దెబ్బతింటాయి. వెంట్రుకకంటే ఎన్నో రెట్లు సన్నని ఆ తంతువులు సీటీ బొమ్మలో కనపడవు. పుర్రె పగలకపోయినా, లోపల పెద్ద రక్తస్రావం లేకపోయినా మెదడులోని తెల్లపదార్థం విస్తారంగా పాడై ఉండటాన్ని సబీనా స్ట్రిచ్ అనే డాక్టరు 1956లోనే సూక్ష్మదర్శినిలో చూసి ప్రచురించారు. సీటీ స్కాన్ పుట్టకముందే తెలిసిన సంగతిని, సీటీలో కనపడలేదన్న కారణంతో ఇవాళ కొట్టేస్తున్నారు. స్కాన్ బాగుందంటే, స్కాన్ చూపగలిగినవేవీ లేవని మాత్రమే అర్థం.

పాత సంగతి ఇంకొకటి. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్‌లో, రైలుమార్గం పనుల్లో ఫినియస్ గేజ్ అనే మేస్త్రీ తలలోంచి మూడున్నర అడుగుల పైచిలుకు ఇనుప కడ్డీ దూసుకుపోయింది. బతికాడు. నడిచాడు, మాట్లాడాడు. ఆ కథ చాలామంది డాక్టర్లకు తెలుసు. నేను చెప్పదలచుకున్నది దాని చివరి భాగం. అతనికి వైద్యం చేసిన జాన్ హార్లో 1868 నాటి నివేదికలో రాశారు: ప్రమాదానికి ముందు తమ మేస్త్రీలందరిలోకీ సమర్థుడని అతన్ని మెచ్చుకున్న కాంట్రాక్టర్లే, మనిషిలో వచ్చిన మార్పు చూసి పాత పని తిరిగి ఇవ్వలేకపోయారు. కాలూ చెయ్యీ బాగుండి పని పోయిన మనిషి సంగతి వైద్యశాస్త్రానికి అప్పటి నుంచీ తెలుసు. మా తమ్ముడి ఫైలుకు మాత్రం ఇంకా తెలియలేదు.

ఇక నేను మీ ముందు పెడుతున్న కోరికలు ఇవి.

1. మొదటి రోజు స్కోరు, మొదటి రోజు స్కాన్ చూసి కేసు మూసేయకండి. మెదడు గాయానికి నష్టం కొలవాలంటే న్యూరోసైకాలజిస్టు (మెదడు పనితీరును పరీక్షలతో కొలిచే నిపుణుడు) కొన్ని గంటలపాటు జ్ఞాపకం, ఏకాగ్రత, పని వరస, నిర్ణయం తీసుకునే తీరు పరీక్షించాలి. పావుగంట మాటలతో అది తేలదు. ప్రశాంతమైన గదిలో, ఎదురుగా కూర్చున్న మనిషి ఒక్కో ప్రశ్న అడుగుతుంటే మెదడు ముందుభాగం దెబ్బతిన్నవాళ్లు చక్కగా జవాబు చెప్పగలరు. ఆ గదిలో వరస పెట్టేది, గుర్తుచేసేది డాక్టరే కదా. ఇంటికి వచ్చాక ఆ పని చేసేవాళ్లు ఉండరు, అక్కడ కూలబడతారు. అందుకని ఇంట్లో అతని వెంట ఉంటున్నవాళ్ల వాంగ్మూలం పరీక్షలో భాగం కావాలి. మా తమ్ముడిని పరీక్షించిన రోజు నేను గది బయటే కూర్చున్నాను. నన్నెవరూ ఒక్క మాటా అడగలేదు.

పోల్చేటప్పుడు కూడా ఆ మనిషిని అతని పాత మనిషితోనే పోల్చండి. అమెరికాలో వృత్తి ఫుట్‌బాల్ లీగు మాజీ ఆటగాళ్లకు తల దెబ్బల వల్ల జరిగిన నష్టానికి కుదిరిన పరిహార ఒప్పందంలో, నల్లజాతి ఆటగాళ్ల మార్కులను వేరే కొలబద్దతో చూశారు. వాళ్ల తెలివి మొదటి నుంచీ తక్కువే ఉండి ఉంటుందన్న ఊహ ఆ కొలబద్దలోనే ఉంది. అంతే నష్టం జరిగినా వాళ్లకు పరిహారం దక్కడం కష్టమైంది. గొడవ జరిగాక 2021లో ఆ పద్ధతి మానుకుంటామని లీగు ఒప్పుకుంది. పెద్దగా చదువుకోని కూలీ విషయంలోనూ "ముందు మాత్రం ఏపాటి తెలివి ఉంది" అన్న ఊహ ఫైళ్లలోకి చొరబడుతోంది. అది మాకు అవమానం, లెక్క ప్రకారం తప్పు కూడా.

2. శరీర వైకల్య శాతం వేరు, సంపాదించే శక్తిలో నష్టం వేరు. ఈ తేడాను భారత సుప్రీంకోర్టు 2010లో విడమరిచి చెప్పింది: ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు దాదాపు మొత్తం పోవచ్చు, అదే చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగం నిలబడవచ్చు. చేతికే ఇంత తేడా ఉంటే మెదడుకు ఎంత ఉండాలి? ప్రతి ఫైలులో ఒక ప్రశ్న తప్పనిసరిగా ఉండాలని కోరుతున్నాను: ఈ మనిషి ఏ పని చేసేవాడు, ఆ పనికి ఏమేం కావాలి, వాటిలో ఏవి మిగిలాయి? శాతం గడి ఆ జవాబు తర్వాతే నింపాలి.

3. తొందర రాజీలు ఆపండి. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

ఆరో వారంలో ఒక అధికారి మా ఇంటికి వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. కాగితం బల్ల మీద పెట్టి, "ఎలా ఉందండీ ఇప్పుడు?" అని తమ్ముడిని అడిగారు. "బాగానే ఉన్నాను, నాకేం లేదు, వచ్చే వారం పనికి వెళ్తున్నాను" అన్నాడు వాడు. పెన్ను అందుకున్నాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన వెళ్లిపోయాక, "ఆయన ఎవరు?" అని అడిగాడు.

తనకు ఏం పోయిందో తెలియకపోవడం ఈ గాయంలో చాలామందికి ఉండే లక్షణం. అబద్ధమూ కాదు, ధైర్యమూ కాదు. తన లోటును గమనించాల్సిన భాగమే దెబ్బతింటే ఇంకెవరు గమనిస్తారు? కాలు విరిగినవాడు "నాకేం లేదు" అంటే ఎదుటివాళ్లు కట్టు చూసి నమ్మరు. తలకు దెబ్బ తగిలినవాడు అంటే వెంటనే నమ్మేస్తారు, రాసుకుంటారు, సంతకం తీసుకుంటారు.

ఇంగ్లండులో 1999లో మోటార్‌సైకిల్ ఢీకొని మెదడు దెబ్బతిన్న ఒక మహిళ, 2003లో కోర్టు గుమ్మం దగ్గరే 12,500 పౌండ్లకు రాజీ పడింది. అసలు నష్టం దానికి ఎన్నో రెట్లని తర్వాత తేలింది. 2014లో యూకే సుప్రీంకోర్టు ఆ రాజీ చెల్లదని చెప్పింది. ఆనాటికి ఆమెకు సొంతంగా కేసు నడుపుకునే సామర్థ్యం లేదు, అటువంటి మనిషి రాజీకి కోర్టు ఆమోదం ఉండాలి, అది తీసుకోలేదు. ఎదురుగా ఉన్న చిన్న కాగితం అర్థమైందా అని చూస్తే చాలదు, గాయాన్ని సరిగ్గా లెక్కగట్టి వేయాల్సిన పూర్తి కేసు అర్థమయ్యేదా అని చూడాలని కూడా ఆ తీర్పు స్పష్టం చేసింది. నేను అడిగేది ఇదే: తలకు గాయమైన ఏ మనిషి చేతా, సామర్థ్యం పరీక్షించకుండా, స్వతంత్ర న్యాయవాది పక్కన లేకుండా, రాజీ కాగితం మీద సంతకం తీసుకోకూడదు. సామర్థ్యం లేదని తేలితే న్యాయమూర్తి చూసి సరేనన్న రాజీయే రాజీ.

న్యాయవాదులకు ఒక విన్నపం. "త్వరగా వస్తే అదే పదివేలు" అని మాకు నచ్చజెప్పకండి. ఈ గాయం ఎక్కడ స్థిరపడుతుందో తెలియడానికే నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. అప్పులు తరుముతుంటే ఆగలేని కుటుంబాలకు మధ్యంతర పరిహారం ఇప్పించండి.

4. కేసు వేసే గడువు విషయం. పరిహారం అడగడానికి చాలా దేశాల చట్టాల్లో గడువుంది, అది దాటితే తలుపు మూసేస్తారు. సొంతంగా వ్యవహారం చూసుకోలేని స్థితిలో ఉన్నవాళ్లకు ఆ గడువు నుంచి మినహాయింపు కూడా చాలా చట్టాల్లో ఉంది. ఆ మినహాయింపు ఆ ఇళ్లకు తెలియదు. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడే గడువు గురించి, ఇంకొకరు అతని తరఫున కేసు వేయవచ్చన్న సంగతి గురించి ఒక కాగితం చేతికివ్వండి.

5. చూసుకునే మనిషి కష్టానికి విలువ కట్టండి.

కిందటి నెలలో వాడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. నేను పక్క గదిలో ఉన్నాను. కమురు వాసన వచ్చి పరుగెత్తాను. ఇస్త్రీపెట్టె చొక్కా మీద బోర్లా పడి ఉంది, కింద గుడ్డ నల్లబడి పొగ లేస్తోంది. వాడు అడుగు దూరంలో నిలబడి కిటికీలోంచి చూస్తున్నాడు. వాడికి వాసన తెలియదు. దెబ్బతో ముక్కు పైనుండే వాసన నరాలు తెగడం తల గాయాల్లో తరచూ జరిగేదేనని ఆ తర్వాత ఒక డాక్టరు చెప్పారు. డిశ్చార్జి కాగితంలో ఆ ముక్క లేదు, ఎందుకంటే ఎవరూ పరీక్షించలేదు. పొగ వాసన తెలియని, పెట్టిన పని గుర్తుండని మనిషిని ఒంటరిగా వదిలి నేను ఉద్యోగానికి ఎలా వెళ్లను? మానేశాను. ఆ జీతం ఏ లెక్కలోనూ లేదు. "ఇంట్లోవాళ్లు చూసుకుంటున్నారు" అని రాసి, అటెండెంట్ ఖర్చు గడిలో సున్నా పెట్టారు.

ఇంగ్లండు అప్పీలు కోర్టు 1973లోనే ఈ విషయం తేల్చింది. ఒక తల్లి ఉద్యోగం మాని గాయపడిన పిల్లవాడిని చూసుకుంటే, ఆ సేవ అవసరం పడటమే గాయపడినవాడికి జరిగిన నష్టం, అది డబ్బిచ్చి చేయించుకున్నా ప్రేమతో చేసినా పరిహారం ఇవ్వాల్సిందేనని చెప్పింది. పన్నెండేళ్ల వయసులో తలకు తీవ్ర గాయమైన ఒక బాలిక కేసులో భారత సుప్రీంకోర్టు 2020లో, చూసుకోవడానికి ఇద్దరు మనుషుల జీతాన్ని లెక్కలోకి తీసుకుని, వయసును బట్టి గుణకం (ఏడాది ఖర్చును ఎంతతో గుణించాలో చెప్పే సంఖ్య) వేసి పరిహారం పెంచింది. ఏదో ఒక ముద్ద మొత్తం అంచనాగా పడేయడం కుదరదని ఆ తీర్పు సారం. ఇంట్లో ఆడవాళ్లు చేస్తే అది సేవ, బయటివాళ్లు చేస్తే ఖర్చు అన్న లెక్క ఇకనైనా మానండి.

6. రేపు రాబోయే నష్టానికి తలుపు తెరిచి ఉంచండి. తలకు గాయమైన కొన్నేళ్ల తర్వాత కూడా మూర్ఛ మొదలుకావచ్చు. ఒక్కసారి మొత్తం ఇచ్చి కేసు ముగిస్తే, ఆ రోజు వచ్చినప్పుడు ఎవరిని అడగాలి? చిన్న శస్త్రచికిత్స తర్వాత గుండె ఆగి, మెదడు దెబ్బతిన్న ఒక డాక్టరు కేసులో 1979లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తరఫున లార్డ్ స్కార్మన్ ఒక్కటే ఖాయం అన్నారు: ముందు ముందు చూస్తే ఈ మొత్తం ఎక్కువైనా అవుతుంది, తక్కువైనా అవుతుంది. అంత నిజాయితీగా ఒప్పుకున్నాక దారులు కూడా వెతికారు. మూర్ఛలాంటిది తర్వాత వస్తే మళ్లీ కోర్టుకు రావచ్చన్న షరతుతో ముందస్తు పరిహారం ఇచ్చే వీలు అక్కడి చట్టంలో ఉంది. 2005 నుంచి, జీవితాంతం ఏటేటా ఇచ్చేలా కోర్టు తానుగా ఆదేశించే వీలూ వచ్చింది. న్యూజిలాండ్‌లో 1974 నుంచి ప్రమాద గాయాలకు తప్పు రుజువు చేయకుండానే సాయం అందే పథకం నడుస్తోంది. దానికి బదులుగా కోర్టులో పరిహార దావా వేసే హక్కును వదులుకున్నారు. అది అందరికీ నచ్చకపోవచ్చు. కానీ గాయపడినవాళ్లు వైద్యం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడకూడదన్న మూలం సరైనదని నా నమ్మకం. మీరు ఏ దారి ఎంచుకున్నా, పెద్ద మొత్తం ఒక్కసారిగా చేతికి వచ్చినప్పుడు దాన్ని కాపాడుకునే తెలివి ఆ గాయంతోనే పోయి ఉండవచ్చన్నది మాత్రం మరవకండి. అడిగినవాళ్లకల్లా ఇచ్చేసే మనిషి చేతికి వచ్చిన పరిహారం ఆరు నెలలు నిలవదు.

7. ఆస్పత్రులకు. మా విషయంలో మీ తప్పుందని నేను అనడం లేదు. కానీ తలకు దెబ్బ తగిలి, కాసేపు చక్కగా మాట్లాడి, ఆ తర్వాత పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరి ప్రాణం మీదికి వచ్చేవాళ్లున్నారని మాకంటే మీకే బాగా తెలుసు. పెద్దవయసువాళ్లలో, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో వారాల తర్వాత కూడా రక్తం చేరి ఉండటం బయటపడుతుంది. పెరిగే తలనొప్పి, వాంతులు, మగత, మాట తడబడటం, ఒక చెయ్యి బరువెక్కడం లాంటివి కనిపిస్తే వెంటనే తీసుకురమ్మని, ఇంటివాళ్లకు అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వకుండా ఎవరినీ పంపకండి. గంటగంటకూ చూసిన స్కోరు రాసి ఉంచండి. రేపు కోర్టులో ఆ కాగితమే రోగికీ సాక్ష్యం, మీకూ సాక్ష్యం.

8. "ముందే మతిమరుపు ఉందట", "ఇదివరకు కూడా ఒకసారి పడ్డాడట" అన్న వాదనలు. పలచని పుర్రె ఉన్నవాడి తలకు దెబ్బ తగిలితే, మామూలు మనిషికైతే ఇంత నష్టం జరిగేది కాదనడం దెబ్బ కొట్టినవాడికి సాకు కాదని 1901లో ఇంగ్లండు న్యాయమూర్తి ఒకరు రాశారు. నూరేళ్లు దాటిన ఆ మాటను ఇంకా ప్రతి కేసులో కొత్తగా వాదించాల్సి రావడం భారం. ముందున్న జబ్బుకు రుజువుంటే చూపండి, లేకపోతే ఆ వాక్యం ఫైలులోంచి తీసేయండి.

ఇవే నా కోరికలు. వీటిలో కొన్నింటికి చట్టం మార్చాలి, అది మీ ఒక్కరి చేతిలో లేదని తెలుసు. 1, 2, 5 మాత్రం మీరు రేపు ఉదయం బల్ల దగ్గర కూర్చుని అమలు చేయగలిగినవి. ఫారంలో ఒక గడి మార్చాలి, బయట కూర్చున్న మనిషిని లోపలికి పిలవాలి, అంతే.

ఈ స్థితిలో ఉన్న ఇళ్లవాళ్లకు ఒక్క మాట. మొదటి వారం నుంచే ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, ఏం జరిగింది, ఎవరు చూశారు, మీరు ఎన్ని గంటలు దగ్గరుండాల్సి వచ్చింది, ఇవి రాయండి. "బాగా మరిచిపోతున్నాడు" అని రాయకండి, మెయిను స్విచ్చు సంగతి జరిగినట్టే రాయండి. డాక్టరుకు చూపండి. నేను ఐదో నెలలో మొదలుపెట్టాను. ఆ ముందు నెలలు రాయనందుకు ఇవాళ్టికీ బాధపడుతున్నాను.

న్యాయమూర్తి గారికి, బీమా అధికారి గారికి: మా నోటుపుస్తకాలు ఇప్పటికి నాలుగయ్యాయి. వచ్చే వాయిదాకు అవి తెస్తాను, తమ్ముడినీ తెస్తాను. వాడిని పేరూ వయసూ అడగకండి. ఫ్యాను విప్పే ముందు ఏమేం చేయాలో అడగండి, పది నిమిషాలాగి, ఇందాక ఏం చెప్పావని అడగండి. ఆ రెండు జవాబులూ రికార్డు చేయించి, పాత పది శాతాన్ని పక్కనపెట్టి, కొత్తగా పరీక్షకు పంపమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక అక్క